లగ్గాల్లేని జ్యేష్ఠం

మా పంది ఈనిన మర్నాడే లక్ష్మీనర్సయ్య ఆ మాట చెప్పాడు.

ఆయన ఆర్మూర్‌లో ఒక ఫంక్షన్ హాల్‌కు మేనేజర్. మా దొడ్డికి మేత ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది. పెండ్లి భోజనాలు అయ్యాక విస్తళ్లలో మిగిలిన అన్నం, అడుగంటిన కూర, పులిసిపోయిన పెరుగు, అన్నీ మా డ్రమ్ముల్లో పోయించేవాడు. బదులుగా మేం వంటశాల వెనక కడిగి పెట్టేవాళ్లం. ఆ రోజు మా ఆయన సంతోష్ ఖాళీ డ్రమ్ములు ట్రాలీ ఆటోలో వేసుకుని బయలుదేరితే, కడగడానికి నేనూ వెంట వెళ్లాను. హాల్ ముందు ఒక్క చెప్పు కూడా లేదు. లోపల లక్ష్మీనర్సయ్య కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్పిస్తున్నాడు.

"ఇయ్యాల ఏం లేదా సారూ?" అని అడిగాడు సంతోష్.

"ఇయ్యాలనే గాదు, ఈ నెలంత లేదు. అధిక మాసం పడ్డది. నీకు తెల్వదా?"

"జ్యేష్ఠం గద సారూ. జ్యేష్ఠంల లగ్గాలు మస్తుంటయ్."

"ఈ ఏడు జ్యేష్ఠాలు రెండు. ముందుగాల వచ్చింది అధికం. దీంట్ల ఎవ్వడూ లగ్గం పెట్టుకోడు. అవతలి దాంట్ల రా. అప్పుడు నీ డ్రమ్ములు సాలవు."

సంతోష్ ఆటో తిప్పాడు. ఖాళీ డ్రమ్ములు దారంతా ఒకదానికొకటి కొట్టుకుంటూ మోగాయి.

ఇదివరకు పందులు ఊరంతా తిరిగి వాటి తిండి అవే వెతుక్కునేవి. పొద్దున వదిలితే మాపటికి ఇల్లు చేరేవి. మేపడానికి మాకు ఖర్చు లేదు. తర్వాత మున్సిపాలిటీ వాళ్లు పందులు రోడ్ల మీద కనబడకూడదన్నారు. కనబడితే వలలు తెచ్చిన మనుషులు పట్టుకుపోతారు. అందుకని గుట్ట వెనక రాళ్లు పేర్చి దొడ్డి కట్టాం. దొడ్డి కట్టడం ఒక్కరోజు పని. లోపల ఉన్న దాని నోటికి పూటపూటా తిండి తెచ్చి పెట్టడమే అసలు పని అయింది. తవుడు కొని మేపితే, పందిని అమ్మిన డబ్బు తవుడుకే సరిపోతుంది. మా లాంటి వాళ్ల పందులు బతకాలంటే ఊళ్లో వాళ్ల పిల్లలకు పెండ్లిళ్లు కావాలి.

మా అత్త శాంతవ్వ అందుకే మాఘంలో మగపందిని కలిపేది. మాఘంలో కలిపితే నాలుగు నెలలకు కాస్త ముందే, జ్యేష్ఠం వచ్చేసరికి ఈనుతుంది. తల్లికి పాలు దిగాల్సిన రోజుల్లో ఊరంతా పెండ్లిళ్లు. పిల్లలు తిండి మరిగే వేళకు కూడా డ్రమ్ములు నిండుతూనే ఉంటాయి. ఆమెకు చదువు రాదు. పున్నమలు లెక్కపెట్టుకుని నెలలు చెబుతుంది. ఎన్నో ఏండ్లుగా ఆ లెక్క తప్పలేదు. ఈసారి కూడా లెక్క ప్రకారమే పంది ఈనింది. తొమ్మిది పిల్లలు. నెలే మరోటి అయింది.

మేం వచ్చి చెప్పగానే అత్త దొడ్డి గోడ మీద కూర్చుండిపోయింది.

"జ్యేష్ఠాలు రెండెట్లుంటయ్‌రా?" అంది.

"నాకేం తెలుసు. పంచాంగంల ఉన్నదట."

"ఎవడు జేసిండురా పంచాంగం? వానింట్ల పందులు లేవా?"

సంతోష్‌కు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. అత్తకు రాలేదు.

పోయిన ఏడు రోగం వచ్చి మా దొడ్డి మొత్తం ఊడ్చుకుపోయింది. మిగిలింది ఈ ఒక్క తల్లి పందే. మగపందిని కూడా ఈసారి చుట్టాల దగ్గర అడిగి తెచ్చి కలిపాం. ఇది నాది. మా వాళ్లలో ఆడపిల్లకు పెండ్లి చేసేటప్పుడు తల్లి తన దొడ్డిలోంచి ఒక ఆడ పందిపిల్లను బుట్టలో పెట్టి, నుదుట పసుపు రాసి వెంట పంపుతుంది. దాని సంతతి అంతా ఆ పిల్లదే. అత్తగారింట్లో ఎవరూ అడగకుండా అమ్మరు. నేను తెచ్చుకున్న పిల్ల ముసలిదై చచ్చిపోయింది. ఇది దాని కూతురు. చెవులు పెద్దవి, కుడి కంటి మీదికి ఒక చెవి వాలి ఉంటుంది. నేను దొడ్డి దగ్గరికి వెళితే ఆ చెవి ఎత్తి చూస్తుంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అట్లా పంపిన పంది గానీ, దాని పిల్ల గానీ మళ్లీ పుట్టింటి గడప చూడకూడదు. ఏ పిల్లయినా తన పందిని తోలుకుని తల్లిగారింటికి వచ్చిందంటే మొగుణ్ని వదిలి వచ్చేసిందని అర్థం. ఎవరూ ఏమీ అడగరు. పెద్దమనుషులకు కబురు పోతుంది.

ఆ మర్నాటి నుంచి అత్తా నేనూ బకెట్లు పట్టుకుని కుడితి కోసం ఇల్లిల్లూ తిరిగాం. బియ్యం కడిగిన నీళ్లు, వంచిన గంజి, కూరగాయల తొక్కలు, ఏదైనా సరే. మాకు దగ్గరి గల్లీలో భాగ్యవ్వ అనే ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. ఆమె ఇద్దరు కొడుకులూ గల్ఫ్‌లో ఉన్నారు.

"ఏం శాంతవ్వా, కోడలిని గూడ అడుక్కునే పనికి తోలుకొచ్చినవా?" అంది చాట మీద నుంచి తల ఎత్తకుండానే.

"అడుక్కునుడేంది? నీ ఇంటి కంపు నేను మోస్తున్న. నాకే నువ్వియ్యాలె ఏదన్న."

"నవ్వించకు, బీడీ వంకర పోతది. మా ఇంట్ల ఇప్పుడు కుడితెక్కడిది? పిల్లగాళ్లు పైసలు పంపితే ఫ్రిజ్ కొంటిమి. అన్నం మిగిలితే దాంట్ల వెడుతున్న. తెల్లారి తాళింపేసుకుని తింటున్న. ఫ్రిజ్ వచ్చినకాడికెల్లి ఇంట్ల ఒక్క మెతుకు పోతలేదు."

"గట్లనే తిను. పందులకు లేకుంట జేసి నువ్వు తిను."

"తిడుతున్నవా?"

"తిడితే ఇస్తవా?"

భాగ్యవ్వ లేచి లోపలికి వెళ్లి ఒక గిన్నెడు గంజి తెచ్చి నా బకెట్లో పోసింది. దాంట్లో ఒక నిమ్మతొక్క తేలింది. గల్లీ చివరిదాకా తిరిగినా బకెట్ సగం నిండలేదు. అన్ని ఇళ్లలోనూ ఫ్రిజ్‌లు ఉన్నాయి.

సంతోష్ హాస్టళ్లకు పోయి చూశాడు. ఎండాకాలం సెలవులు, తాళాలు. హైవే మీది హోటళ్ల మిగులంతా డిచ్‌పల్లి అవతల తెల్ల పందుల ఫారం ఉన్న దయాకర్ బండిలోకి పోతోంది. ఆయనకు డ్రైవర్ ఉన్నాడు, రోజూ వేళకు బండి వస్తుంది. హోటల్ వాళ్లకు కావాల్సింది అదే. పసుపు మార్కెట్‌లో కాటాలన్నీ ఖాళీగా పడి ఉన్నాయి. సరుకు ఉన్నా అక్కడ పంది నోటికి పనికొచ్చేది ఏమీ లేదు. కూరగాయల మార్కెట్‌లో కుళ్లిన టమాటాలు దొరికాయి. అవి తిని పంది పలచగా పారుకుంది.

ఉన్న డబ్బుతో ఒక సంచి తవుడు తెచ్చాం. దాన్ని పొదుపుగా కలిపి పెట్టినా, తొమ్మిది నోళ్లకు పాలివ్వాల్సిన పంది దాన్ని తుడిచేసేది. తొట్టి నాకి, రాళ్లు నాకి, మా వైపు చూసేది. వారం తిరగకముందే వెన్నెముక కనబడింది. చన్నుల్లో వెనకవి ఎండిపోయాయి. ముందు చన్నుల కోసం పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. చిన్నవి పక్కకు పడిపోయి లేవలేక సన్నగా అరిచేవి. తల్లి లేచి వాటికి దూరంగా పోయి పడుకునేది. పిల్లలు పాక్కుంటూ మళ్లీ దాని దగ్గరికే పోయేవి. అది కాలితో తోసేది.

ఒకరోజు మధ్యాహ్నం అత్త బుట్ట తీసింది. దొడ్డిలోకి దిగి పిల్లలను ఒక్కొక్కటిగా ఎత్తి చూసింది. పొట్ట తడిమి కొన్నిటిని కింద పెట్టింది. నాలుగింటిని బుట్టలో వేసి పైన తడిగోనె కప్పింది.

"ఎక్కడికి అత్తా?" అని అడిగాను.

"తొమ్మిదిటికి పాలు లేవు. అయిదిటికి ఉన్నయేమో." 

నా వైపు చూడకుండానే గుట్ట పక్క పాత బావి దారి పట్టింది. సంతోష్ ఆటో కింద పడుకుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు. బిగించాల్సింది ఏమీ లేదని నాకు తెలుసు. చాలాసేపటికి అత్త తిరిగొచ్చింది. ఖాళీ బుట్టను కడిగి గోడకు బోర్లించింది. ఆ పూట అన్నం తినలేదు. ఆమె వంతు అన్నం పంది తొట్టిలో కనబడింది.

అయినా మిగిలిన అయిదింటికి కూడా పాలు చాలలేదు.

దయాకర్ అప్పుడే వచ్చాడు. ఆయన వస్తాడని మాకు అనుమానం ఉంది. మేత దొరకని నెలలో మా వాళ్ల దొడ్లన్నీ తిరుగుతూ నల్ల పందులను కొని నాగ్‌పూర్ వైపు పంపిస్తాడు. శుభ్రమైన చొక్కా వేసుకుని, దొడ్డి గోడకు ఆనకుండా నిలబడి లోపలికి చూశాడు.

"అవ్వా, ఇది పంది లెక్క లేదు. మేక లెక్క ఉన్నది."

"పాలిచ్చే తల్లి గట్లనే ఉంటది బిడ్డా. నువ్వు తెల్లటియి సాదుతవు గద, నీకు తెల్వదా?"

"మా తెల్లటియి ఆర్నెల్లకే దీనికి రెండింతలైతయ్. మీరు ఏడాదంత సాది ఏం మిగిలించుకుంటున్నరు చెప్పు?"

"మా అన్నం నీ బండెక్కుతున్నది. అందుకే నీవి రెండింతలైతున్నయ్."

దయాకర్ నవ్వాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదు. "అన్నం ఎవలదీ గాదవ్వా. బండి ఎవలది ముందుగాల వస్తే వాళ్లది. మీ లక్ష్మీనర్సయ్య సారుకు గూడ చెప్పి పెట్టిన. లగ్గాలు మొదలైన నాడు మీ ఆటో రాకుంటే నాకు ఫోన్ జేస్తడు."

సంతోష్ తల దించుకుని ధర అడిగాడు. మామూలు ధరలో సగం చెప్పాడు దయాకర్.

"సగమా అన్నా?"

"తమ్మీ, నాలుగు రోజులైతే ఆ సగం బరువు గూడ ఉండదు. నీకోసమే చెప్తున్న. పిల్లలు నాకొద్దు. తల్లినిస్తే రేపు పొద్దుగాల వచ్చి ఎక్కించుకపోత."

తల్లి పోతే పిల్లలు ఒక్కరోజు బతకవు. ఆ సంగతి చెప్పాల్సిన అవసరం అక్కడ ఎవరికీ లేదు.

"అది కోడలిది," అంది అత్త. "దాన్నడుగు."

ముగ్గురూ నా వైపు చూశారు. నాకు నలుగురిలో మాట తొందరగా రాదు. దయాకర్ ఫోన్ చూసుకుని, రేపు వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక అన్నాను. "మా అవ్వోళ్ల ఊరికి తోలుకపోత."

మా తల్లిగారి ఊరు బాల్కొండ అవతల, ప్రాజెక్టు వెనకనీళ్ల ఒడ్డున ఉంది. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి పోతాయి. పోయిన మేరా మెత్తటి బురద బయటపడుతుంది. దాని నిండా తుంగ గడ్డలు, నత్తలు, వేర్లు. చిన్నప్పుడు ఎండాకాలమంతా పందులను అక్కడే తిప్పేదాన్ని. అక్కడ మున్సిపాలిటీ లేదు, పెండ్లిళ్లతో పని లేదు. ఆర్మూర్ చుట్టుపక్కల అయితే ఎండిన నేల పంది ముట్టెకు లొంగదు. తడి ఉన్న చోటల్లా ప్లాట్లు చేసి కంచెలు వేశారు. ఇంకెవరి దగ్గరైనా ఉంచుదామంటే, మా వాళ్లందరూ పెండ్లిళ్ల మీద బతికేవాళ్లే. వాళ్ల తొట్లూ ఎండిపోయే ఉన్నాయి.

సంతోష్ చేతిలో పానా కింద పెట్టాడు.

"ఏమన్నవ్?"

"అక్కడ గడ్డలు తిని బతుకుతది. లగ్గాలు మొదలు కాంగనే తెచ్చుకుందాం."

"పందిని తోలుకుని మీ అవ్వగారింటికి పోతవా? నేనేం జేసిన నిన్ను?"

"నువ్వేం జెయ్యలేదు."

"గది ఎవలు నమ్ముతరు? రేపు పదిమందిల నా మొకం ఎట్ల వెట్టుకోవాలె? అమ్ముదాం. అమ్మి మల్లొకటి కొనుక్కుందాం."

"ఈ సగం ధరకు ఎవలిస్తరు మల్లొకటి?"

నిజం అతనికీ తెలుసు. ఆ డబ్బు తవుడు బాకీకి, ఇంటి కిరాయికి పోతుంది. ఆ తర్వాత దొడ్డి ఉంటుంది, డ్రమ్ములు ఉంటాయి, పంది ఉండదు. ఆటో అమ్మి అతను ఎవరి ఫారంలోనో పేడ ఎత్తడానికి పోతాడు. దయాకర్ ఫారానికే పోతాడేమో.

అత్త అంతసేపూ తొట్టిలోకి చూస్తూ కూర్చుంది. "మాఘంల కలిపింది నేను," అంది చివరికి. "లెక్క తప్పింది నాది. నువ్వు ఆటో తియ్యకుంటే దాన్ని నేను నడిపిచ్చుకపోత. తొవ్వల సస్తే సస్తది."

మర్నాడు తెల్లవారుతూనే సంతోష్ ఆటో తీశాడు. నా వైపు చూడలేదు. పందిని కాళ్లు కట్టి ఎక్కించాం. బరువు తగ్గిపోయి ఇద్దరమే ఎత్తగలిగాం. అయిదు పిల్లలను బుట్టలో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. బాల్కొండ దాటాక మా ఊరి దారి విడిపోయే చోట సంతోష్ ఆటో ఆపి, పందిని దింపి కట్లు విప్పాడు.

"ఊళ్లెకు నేను రాను," అన్నాడు. "నేనొస్తే నేనే పంపినట్టయితది. నువ్వే పోయినవ్. నేను పంపలె."

"ఫోన్ జెయ్యి."

ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు. పంది మెడకు తాడు కట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచాను. అది నాలుగు అడుగులకొకసారి ఆగిపోయేది. నేనూ ఆగేదాన్ని.

మా అమ్మ ముత్తెమ్మ వాకిలి ఊడుస్తోంది. ముందు పందిని చూసింది, తర్వాత నన్ను. చీపురు చేతిలోనే ఉండిపోయింది.

"కొట్టిండా?"

"లేదవ్వా."

"తాగుతున్నడా?"

"లేదు. మేత లేదు. దీనికి."

"ఏందే?"

"పందికి మేత లేదు. అధిక మాసం. లగ్గాలు లేవు."

అమ్మ నన్ను నమ్మలేదు. నా చేతులు, మెడ, వీపు తడిమి చూసింది దెబ్బలేమైనా ఉన్నాయేమోనని. తర్వాత గడప మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. "చెప్పుకోలేక మేతంటున్నవ్ బిడ్డా," అంది. ఎంత చెప్పినా అదే మాట.

పందిని నీళ్ల అంచుకు తోలాను. మొదట బురదలో పడుకుని కదల్లేదు. పొద్దు ఎక్కాక ముట్టె నేలలోకి దించింది. ఒకసారి తవ్వడం మొదలుపెట్టాక ఆగలేదు. పటపటా గడ్డలు కొరుకుతున్న చప్పుడు దూరానికి కూడా వినబడింది. నేను ఒడ్డున బుట్ట పక్కన కూర్చుని ఆ చప్పుడు విన్నాను. కొన్నాళ్లకు ముందు చన్నులు నిండాయి. వెనకవి మాత్రం తిరిగి రాలేదు. పిల్లల్లో ఒకటి అప్పటికే చనిపోయింది. నాలుగు మిగిలాయి.

సంతోష్‌కు ఫోన్ చేస్తే మొదట్లో ఎత్తేవాడు. "తింటున్నదా?" అని అడిగేవాడు. "తింటున్నది" అనేదాన్ని. అంతే. తర్వాత తర్వాత ఎత్తడం మానేశాడు. అత్త దగ్గర ఫోన్ లేదు.

మా వాళ్ల పెద్దమనిషి ధర్మయ్య తాత ఇంటికొచ్చి కూర్చున్నాడు. అమ్మ ముందే కబురు పంపిందట. మంచి మనిషి, చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే.

"ఏమైంది బిడ్డా, భయం లేకుంట చెప్పు."

"మేత కోసం తెచ్చిన తాతా."

"నేను ముసలోణ్ని అయిన. ఇంతమంది ఆడివిల్లలను చూసిన. మేతకని పందిని మర్లేసుకొచ్చిన పిల్లను చూడలే." చుట్ట వెలిగించుకున్నాడు. "సరే. నీ మాటే నిజమనుకో. అయితే నీ మొగడు రావాలె. పదిమందిల నిలవడి, నా పెండ్లాం నా పంది అని చెప్పి, మీ అవ్వ చేతి నీళ్లు తాగి తోలుకపోవాలె. రాకుంటే తెగినట్టే. నువ్వు మాకు ఉంటవ్, పంది మీ అవ్వ దొడ్లె ఉంటది."

పంచాయతీ కూర్చునే రోజు కూడా ఆయనే చెప్పాడు, సంతోష్‌కు కబురు పంపుతానన్నాడు. అధిక మాసం పోయాక వచ్చే మొదటి మంచిరోజు. పెద్దమనుషులు మంచిరోజు చూసే కూర్చుంటారు. పెండ్లివాళ్లూ అదే చూస్తారు. ఆర్మూర్‌లో మొదటి పెండ్లి కూడా ఆ రోజే.

ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. ఆ రోజు సంతోష్ ఆటో హాల్ దగ్గర లేకపోతే లక్ష్మీనర్సయ్య దయాకర్‌కు ఫోన్ చేస్తాడు. ఒకసారి ఆ బండి వచ్చిందంటే ఇక మాకు అన్నం ఉండదు. హాల్ పోతే పందిని ఇంటికి తీసుకుపోయి ఏం పెట్టాలి? హాల్ నిలబెట్టుకుంటే నన్ను తీసుకుపోవడానికి ఎవరు రావాలి? రోజు మార్చమని ధర్మయ్య తాతను అడిగాను. వేరే ఊళ్ల నుంచి పెద్దలు బయలుదేరతారు, మార్చకూడదన్నాడు. సంతోష్‌కు మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఆ రోజు మా వాకిట్లో చాప పరిచారు. అమ్మ బిందెడు నీళ్లు, చెంబు పెట్టింది. నలుగురు పెద్దలు వచ్చి కూర్చున్నారు. పందిని గోడ పక్క కట్టేశాను. ఎండ ముదిరింది. ఎవరూ రాలేదు.

"ఫోన్ జెయ్యి," అన్నాడు ధర్మయ్య తాత.

చేశాను. ఎత్తలేదు.

"ఆయన రాడు తాతా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఇయ్యాల ఆర్మూర్‌ల లగ్గం ఉన్నది. డ్రమ్ముల కాడ ఉంటడు. ఉండాలె. ఇడిసిపెట్టి ఈడికొస్తే నాకే కోపమొస్తది."

"డ్రమ్ముల కాడ ఉన్నడని నీకు చెప్పిండా?"

చెప్పలేదు. నాకు తెలియదు. ఇంట్లో పడుకుని ఉండవచ్చు. ఆటో అమ్మేసి ఉండవచ్చు. ఇంకెక్కడికైనా వెళ్లిపోయి ఉండవచ్చు. పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఇగ చెప్పెయ్యి ధర్మయ్యా, ఎండ వడుతున్నది," అన్నాడు.

అప్పుడు దారి మలుపులో అత్త కనబడింది. నెత్తిన గోనె చుట్ట, దాని మీద మూత వేసిన బకెట్. చీర కుచ్చిళ్లు ఎగదోపి వస్తోంది. దగ్గరికి వచ్చేసరికి వాసన కూడా వచ్చింది. బగారా అన్నం, పులిసిన పప్పు, మాడిన నెయ్యి. పెద్దలు చాప మీద వెనక్కి జరిగారు.

"బస్సోడు దింపేసిండు బాల్కొండల," అంది ఆయాసపడుతూ. "రాత్రి విందుల మిగిలింది గద, వాసనస్తున్నదట. లగ్గపు అన్నం వాసన వానికి పడదట."

ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా గోడ పక్కకు పోయి బకెట్ పంది ముందు బోర్లించింది. మెతుకులు దాని బురద కాళ్ల మీద పడ్డాయి. పంది ఒక్కసారి చెవి ఎత్తి చూసి అన్నంలో ముట్టె పెట్టింది.

"ఇగో మేత," అంది అత్త వాకిట్లోకి తిరిగి. "మేత లేక వచ్చింది, మేత వచ్చింది. ఇగ పోదాం పా."

"నీ కొడుకు రావాలె శాంతవ్వా," అన్నాడు ధర్మయ్య తాత. "నువ్వొస్తే లెక్కల రాదు."

"వాడు హాల్ కాడ ఉన్నడు. పొద్దుగాల మేం పోయేసరికే దయాకర్ బండి గేటు కాడ నిలవడ్డది. మా ఆటో దానికి అడ్డం వెట్టి దిగకుంట కూసున్నడు. ఫోన్ ఎత్తినా మాట వినవడదు, బ్యాండు వాయిస్తున్నరు. వాడు దిగి ఈడికొస్తే అన్నం డిచ్‌పల్లికి పోతది. పిల్లను తోలుకపోయి ఏం తినవెట్టాలె ధర్మయ్యా? నీ కట్టుబాటు తినవెట్టాల్నా?"

"కోపానికొచ్చి మాట్లాడకు."

"కోపం లేదు. నాలుగు పిల్లలను నా చేతుల మీద బాయిల ఏసిన. ఇంక నాకు కోపమెక్కడిది?"

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో మొదటిసారి నేను చెప్పింది మేత గురించేనని నమ్మిందనిపించింది. నమ్మిన తర్వాత ఆమె మొహం ఇంకా వాడిపోయింది. చెంబుతో నీళ్లు ముంచి అత్తకు ఇచ్చింది. అత్త గుక్కతిప్పుకోకుండా తాగేసింది.

ధర్మయ్య తాత లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేను తెగిందని అంటలేను. తెగలేదని గూడ అంటలేను," అన్నాడు. "వాడు వచ్చి నిలవడ్డనాడే తేలుతది. గప్పటిదాక మావోళ్లు ఎవ్వరూ మీ ఇంటికి రారు, మిమ్ముల పిలవరు. ఆలోచించుకుని పో బిడ్డా."

నేను బుట్టలో గడ్డి సరిచేసి నాలుగు పిల్లలనూ పెట్టాను. అత్త పంది తాడు విప్పింది. అమ్మ గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

ఊరి దారి దాటి హైవే ఎక్కాం. అన్నం అంతా డ్రమ్ముల్లోకి చేరాక సంతోష్ ఆటో తీసుకుని ఎదురొస్తానన్నాడట. వస్తాడో, బండి అడ్డం పెట్టినందుకు అక్కడ గొడవే అవుతుందో అత్తకు కూడా తెలియదు. ఎదురొచ్చేదాకా ఆర్మూర్ వైపు నడవాలనుకున్నాం. లారీలు పక్క నుంచి పోతుంటే పంది బెదిరి నా కాళ్లకు చుట్టుకునేది. తారు కాలుతోందని రోడ్డు పక్క మట్టిలో నడిపించాం.

"అత్తా, ఈ నెల ఎన్ని లగ్గాలున్నయట?"

"నెలంత ఉన్నయన్నడు లక్ష్మీనర్సయ్య."

"అయినంక?"

"అయినంక ఆషాఢం."

ఆషాఢంలో కూడా పెండ్లిళ్లు ఉండవు. అప్పటికి ఈ నాలుగు పిల్లలూ పాలు మాని తిండికొస్తాయి. తల్లితో కలిపి అయిదు నోళ్లు. వెనకనీళ్ల అంచు మాకిక లేదు. వానలు పడ్డాక నీళ్లు నిండుతాయి కూడా.

"ఆషాఢంల ఏం జేద్దాం?" అని అడిగాను.

అత్త తాడు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఎదురుగా వచ్చే ప్రతి ఆటోనూ చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"నడువు," అంది.